ఉత్తర చెన్నై ధూళిలో ఏ లోహం ఎంత? గాలిని కొలిచే అధికారులకు, విశ్లేషకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, ప్రయోగశాలల విశ్లేషకులకు నమస్కారం.

తిరువొత్తియూరు, ఎర్నావూరు, తండయార్‌పేట వీధుల్లో తరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నా ఉద్యోగమంతా ప్రయోగశాలలోనే గడిచింది. నీళ్లలో, మట్టిలో, ధూళిలో లోహాలు కొలవడమే నా పని. రిటైరయ్యాక ఇరుగుపొరుగు వాళ్లు తమకు వచ్చిన ప్రభుత్వ కాగితాలు తెచ్చి, ఇందులో ఏముందో చెప్పండి సార్ అని అడుగుతుంటారు. ఈ మధ్య తెచ్చిన కాగితంలో చెప్పడానికి ఏమీ లేదు. ఈ లేఖకు కారణం ఆ కాగితమే.

మా ప్రాంతపు గాలిలో సీసం, ఆర్సెనిక్, నికెల్ ఎంతెంత ఉన్నాయో చెప్పమని మావాళ్లు అర్జీలు ఇచ్చారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టారు. ప్రజాభిప్రాయ సేకరణలో మైకు పట్టుకుని అడిగారు. తిరగ్గా తిరగ్గా చేతికొచ్చింది ఒక పేజీ పట్టిక. సీసం ఎదురుగా బీడీఎల్, ఆర్సెనిక్ ఎదురుగా బీడీఎల్, నికెల్ ఎదురుగా బీడీఎల్. యంత్రం గుర్తించగలిగే కనిష్ఠ స్థాయికి లోపల ఉందని అర్థం. ఆ కనిష్ఠ స్థాయి ఎంతో రాయలేదు. ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగారో రాయలేదు. ఏ ఫిల్టర్ మీద ధూళిని పట్టారు, ఏ యంత్రంతో కొలిచారు, ధూళి పట్టని ఖాళీ ఫిల్టర్‌లో ఎంత వచ్చింది, ఏదీ లేదు. ఈ వివరాలు ఇమ్మని మళ్లీ రాస్తే ఉలుకూ పలుకూ లేదు.

చట్టం ఏమంటోందో ముందు చెబుతాను. 2009 నవంబరు 18న నోటిఫై చేసిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలు ఉన్నాయి. సీసం, ఆర్సెనిక్, నికెల్ వాటిలోవే. సీసం ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 0.5 మైక్రోగ్రాము, 24 గంటల సగటు 1 మైక్రోగ్రాము దాటకూడదు. ఆర్సెనిక్ ఏడాది సగటు 6 నానోగ్రాములు, నికెల్‌ది 20 నానోగ్రాములు. మైక్రోగ్రాములో వెయ్యో వంతు నానోగ్రాము. ఏడాది సగటు కట్టాలంటే వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 24 గంటల చొప్పున, సమానమైన ఎడంతో ఏడాదికి కనీసం 104 కొలతలు ఉండాలని అదే నోటిఫికేషన్‌లో ఉంది. మాకిచ్చిన కాగితం మీద ఒకే ఒక్క తేదీ ఉంది. ఒక్కరోజు కొలతను ఏడాది పరిమితి పక్కన పెట్టి, అంతా బాగుందని చెప్పడం కుదరదు. సీసానికైతే 24 గంటల పరిమితి వేరుగా ఉంది కాబట్టి ఒక్కరోజుతో కొంతైనా తెలుస్తుంది. ఆర్సెనిక్‌కూ నికెల్‌కూ ఆ వీలు లేదు.

ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యతా సూచీ) చూసుకోండి, ఆకుపచ్చగానే ఉంటుంది కదా అని ఒక అధికారి మావాళ్లతో అన్నారట. 2015లో మొదలైన ఆ సూచీ 8 కాలుష్య కారకాలకు ఉద్దేశించింది. అందులో సీసం ఉంది, ఆర్సెనిక్, నికెల్ లేవు. ఆ సీసం అంకె కూడా ఫోన్ తెర మీదికి గంటగంటకూ రాదు. కనీసం మూడు కారకాల కొలతలుండి, వాటిలో ఒకటి పీఎం 10 (10 మైక్రాన్ల లోపు ధూళి కణాలు) గానీ పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు కణాలు) గానీ అయితే చాలు, రంగు తేలిపోతుంది. రోడ్డు పక్కన నిలబెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలు ధూళి బరువును చెబుతాయి. ఆ ధూళిలో ఏముందో చాలామటుకు చెప్పవు.

సముద్రం ఒడ్డున ఉన్న మాకు ఈ తేడా మిగతా ఊళ్ల కంటే ఎక్కువ పట్టింపు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే దానితో పాటు ఉప్పు కణాలు వస్తాయి, అవీ ధూళి బరువులోకే చేరతాయి. ఇంకోరోజు గాలి పడమటి నుంచో ఉత్తరం నుంచో వస్తే అదే బరువులో బొగ్గు బూడిద ఉండొచ్చు, కొలిమి పొగ ఉండొచ్చు. రెండు రోజులూ పీఎం 10 అంకె ఒకటే కావచ్చు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది మాత్రం ఒకటి కాదు. బరువు తూచి ఊరుకుంటే ఉప్పుకూ ఆర్సెనిక్‌కూ తేడా కనబడదు.

ఇప్పుడు బీడీఎల్ సంగతి. ఇది కాస్త లెక్కల వ్యవహారం, అయినా ఓపిగ్గా చదవమని పాఠకులను కూడా కోరుతున్నాను.

పీఎం 2.5 శాంప్లర్, అంటే గాలిని లాగి ధూళిని ఫిల్టర్ మీద పట్టే యంత్రం, నిమిషానికి 16.7 లీటర్ల గాలి లాగుతుంది. 24 గంటలకు అది 24 ఘనపు మీటర్లు. ఆర్సెనిక్ సరిగ్గా పరిమితి దగ్గర, అంటే 6 నానోగ్రాముల దగ్గర ఉందనుకుంటే, 47 మిల్లీమీటర్ల ఆ చిన్న గుండ్రటి ఫిల్టర్ మీద రోజంతటికీ పేరుకునేది 144 నానోగ్రాములు. ఒక ఉప్పు రవ్వను కొన్ని వందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత. ఫిల్టర్‌ను ఆమ్లంలో మరిగించి ఆ ద్రావణాన్ని 50 మిల్లీలీటర్లకు చేర్చారనుకుందాం. యంత్రం లీటరుకు 10 మైక్రోగ్రాముల కంటే తక్కువను గుర్తించలేదనుకుందాం. అప్పుడు ఆ 50 మిల్లీలీటర్లలో కనీసం 500 నానోగ్రాములు ఉంటేనే యంత్రం ఉందంటుంది. 500ను 24తో భాగిస్తే దాదాపు 21. గాలిలో ఆర్సెనిక్ ఘనపు మీటరుకు 20 నానోగ్రాములు, అంటే పరిమితికి మూడు రెట్ల పైన ఉన్నా కాగితం మీద బీడీఎల్ అనే వస్తుంది.

అదే పెద్ద శాంప్లర్ వాడి నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున రోజంతా లాగితే 1,584 ఘనపు మీటర్లు అవుతుంది. మొత్తం ఫిల్టర్‌ను కరిగిస్తే అదే యంత్రంతో ఘనపు మీటరుకు 0.3 నానోగ్రాము దాకా చూడొచ్చు. ఫిల్టర్‌లో పావు ముక్కనే కరిగించినా 1.3 దగ్గర ఆగుతుంది, పరిమితికి బాగా లోపలే. యంత్రం మారలేదు, ఆర్సెనిక్ మారలేదు. లాగిన గాలి మారింది, అంతే. లాగిన గాలి, కరిగించిన ముక్క, ద్రావణం పరిమాణం, యంత్రం కనిష్ఠ స్థాయి, ఈ నాలుగు అంకెలూ లేకుండా బీడీఎల్ అని రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. పైగా ఆ కాగితమే చూపించి, మీ అనుమానం తీరిపోయింది కదా ఇక వెళ్లండి అంటున్నారు. అసలు కొలవకపోతే కొలవండని అడగడానికైనా ఉంటుంది. ఇలా కొలిచామనిపిస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

నమూనా పట్టే తీరు గురించి. మా వీధికి దగ్గర్లోనే ఒక మేడ మీద శాంప్లర్ ఉంది. ఏ ఆఫీసుదో, ఏ కాంట్రాక్టరుదో పేరు పెట్టను. పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చి ఫిల్టర్ మారుస్తాడు. నా కళ్లతో చూసిందే రాస్తున్నాను. పైమూత ఎత్తాడు. నాలుగు మూలల మరలు విప్పాడు. బూడిదరంగుకు తిరిగిన ఫిల్టర్‌ను వట్టి చేత్తో అంచు పట్టుకుని లేపాడు. గాలికి అది రెపరెపలాడితే రెండో చెయ్యి మధ్యలో అదిమి పెట్టాడు. ధూళి ఉన్న వైపు లోపలికి వచ్చేలా మడవాలి, బయటికి వచ్చేలా మడిచి నోటుపుస్తకంలో పెట్టుకున్నాడు. గంటలు చూపించే మీటర్ చదవలేదు, సెల్‌ఫోన్‌లో టైము చూసి రాసుకున్నాడు. శాంప్లర్‌కు ఒకవైపు నిలువెత్తు గోడ, ఇంకోవైపు నాలుగడుగుల్లో డీజిల్ జనరేటర్ గొట్టం. పైన తుప్పు పట్టిన జింకు రేకు.

ఆ కుర్రాణ్ని నేను తప్పు పట్టను. చేతికి గ్లోవ్స్ ఇచ్చినవాళ్లు లేరు. ఎండలో పై మేడ దాకా ఎక్కి దిగి, ఇంకో నాలుగు చోట్లకు బండి మీద పోవాలి. పనెలా చేయాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదని వాడే చెప్పాడు. మనం కొలవబోయేది నానోగ్రాముల్లో. వేలి చెమట, స్టీలు పట్టుకారు, గోడ సున్నం, రేకు తుప్పు, ఏదైనా సరే లెక్క తారుమారు చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ ఉంటుంది. దానితో పట్టుకుని నికెల్ కొలిస్తే ఆ అంకెను నమ్మేదెలా? పెద్ద శాంప్లర్ల మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగేటప్పుడు రాగి పొడి రాలుతుంది. బయటికి వదిలే గాలిని గొట్టంతో దూరంగా పంపకపోతే అదే రాగి తిరిగి ఫిల్టర్ మీదికి వస్తుంది. తప్పు రెండువైపులా జరగొచ్చు, లేనిది ఉన్నట్టూ చూపొచ్చు, ఉన్నది లేనట్టూ చూపొచ్చు. కరెంటు పోయి శాంప్లర్ 16 గంటలే నడిస్తే, 24 గంటలు నడిచిందని రాసుకుంటే, ఫలితం మూడో వంతు తగ్గిపోతుంది. కరెంటు కోతల కాలంలో మా వీధిలో ఇది ఊహించుకోవడానికి కష్టమైన సంగతేమీ కాదు.

ప్రయోగశాలల మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మన ధూళిలో క్లోరైడ్ ఎక్కువ, సముద్రం పక్కనే ఉన్నాం. లోహాలను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఆర్గాన్ ద్రవ్యరాశి 40, క్లోరిన్‌ది 35, రెండూ అతుక్కుంటే 75. ఆర్సెనిక్ ద్రవ్యరాశీ 75. అలా అతుక్కున్న జంటలను వేరుచేసే, హీలియం నింపిన కొలిజన్ సెల్ వాడకుండా కొలిస్తే ఉప్పే ఆర్సెనిక్‌లా కనబడుతుంది. ఫిల్టర్‌ను కరిగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే మరీను. వనేడియానికీ ఇదే చిక్కు. 35 ఉన్న క్లోరిన్‌కు 16 ఉన్న ఆక్సిజన్ తోడైతే 51, అది వనేడియం స్థానం. కాబట్టి ఉప్పుగాలి రోజున మీ యంత్రం ఎక్కువ చూపించినా నేను ఒప్పుకోను, అదీ అబద్ధమే. మా ప్రాంతాన్ని ఉన్నదానికంటే నల్లగా చూపించమని మేం అడగడం లేదు.

లోహాలు తెలిస్తే ధూళి ఎక్కడిదో కూడా తెలుస్తుంది. ఆర్సెనిక్, సెలీనియం బొగ్గు మంట వైపు చూపిస్తాయి. వనేడియం, నికెల్ కలిసి వస్తే ఓడలూ బాయిలర్లూ తాగే మందపాటి నూనె. రాగి, ఆంటిమొనీ, బేరియం అయితే బ్రేకుల అరుగుదల. జింకు టైర్లది, టైర్లు కాల్చిన పొగది. సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా 2000లో ఆగిపోయింది. ఈ రోజు గాలిలో సీసం కనిపిస్తే బ్యాటరీలు కరిగించే కొలిమినో, పాత పెయింటునో, నేలలో మిగిలిన పాత సీసాన్నో వెతకాలి. ఈ పని చెన్నైకి కొత్తది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆరు నగరాల్లో చేయించిన అధ్యయనంలో చెన్నై భాగాన్ని ఐఐటీ మద్రాస్ చేసింది. పీఎం 10 ఫిల్టర్లను రసాయన విశ్లేషణ చేసి, ఏ మూలం నుంచి ఎంత వస్తోందో లెక్కకట్టారు. ఆ నివేదిక 2011లో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ ఉత్తర చెన్నై రూపురేఖలే మారిపోయాయి. రాయపురం ఇళ్లను నల్లబరిచిన బొగ్గు, హైకోర్టు జోక్యంతో 2011లో చెన్నై పోర్టును వదిలి ఎన్నూరుకు పోయింది. పాత ఎన్నూరు థర్మల్ కేంద్రం 2017లో మూతపడింది. వల్లూరులో 1,500 మెగావాట్ల థర్మల్ కేంద్రం, అత్తిపట్టు వైపు ఇంకా కొత్త యూనిట్లు వచ్చాయి. 2020 నుంచి ఓడల నూనెలో గంధకం పరిమితి మారింది. ఇన్ని మారినా మా ముందున్న లెక్క పాతదే. 2009లో దేశంలో అత్యంత కలుషితమని తేల్చిన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో మా పక్కనున్న మనలి ఉందన్నది కూడా గుర్తు చేస్తున్నాను.

దీని వల్ల మామూలు జనానికి ఏమవుతోందంటే:

1. పసిపిల్లలకు. సీసం విషయంలో ఫలానా స్థాయి వరకు భయం లేదు అనేది ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. గాలిలో తేలే సీసం గాలిలోనే ఉండిపోదు. వాకిట్లో, వరండాలో, కిటికీ చట్రంలో పడుతుంది. పాకే బిడ్డ అరచేతులు నేలకేసి, తర్వాత అవే వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ ఎక్కుతుంది, మా అంగన్‌వాడీల్లో రక్తహీనత లేని పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బుర్ర ఎదిగే వయసులో జరిగిన నష్టానికి తర్వాత మందు లేదు. బడిలో వెనకబడ్డాడని టీచరు తిడుతుంది, అల్లరి ఎక్కువైందని తల్లి కొడుతుంది. సీసం సంగతి ఎవరికీ తట్టదు, ఎందుకంటే కాగితం మీద బీడీఎల్ ఉంది.

2. రోడ్లు ఊడ్చేవాళ్లకు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు ఇళ్లవాళ్లు ఎంతమందో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. తెల్లారకముందే పొడి చీపురుతో లారీల రోడ్డు ఊడుస్తారు. లేచిన దుమ్ము ముందు తగిలేది వాళ్ల ముక్కుకే. మేడ మీద శాంప్లర్ ముక్కు మూడు మీటర్ల నుంచి పది మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊడ్చే మనిషి ముక్కు దగ్గర ఏముందో దానికి తెలియదు. చొక్కా కాలరుకు తగిలించే చిన్న ఫిల్టరు, నడుముకు కట్టుకునే పంపు ఉంటాయి, నిమిషానికి రెండు లీటర్ల గాలి లాగుతాయి. ఫ్యాక్టరీల్లో ఎప్పటినుంచో వాడుతున్నవే. ఒక్క పారిశుద్ధ్య కార్మికురాలికైనా దాన్ని కట్టి కొలిచిన దాఖలా మాకెవరూ చూపించలేదు. ఆరు గంటల పనిలో అది లాగేది ఒక ఘనపు మీటరు కూడా కాదు కాబట్టి దానికి తగ్గ సున్నితమైన యంత్రంలోనే చూడాలి, అదీ చెబుతున్నాను.

3. ఆర్సెనిక్, నికెల్ సమ్మేళనాలు, కాడ్మియం, ఈ మూడూ మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైనవే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది. కొలిమిలో ఆవిరై, చల్లబడేటప్పుడు సన్నని కణాల మీద పేరుకోవడం ఆర్సెనిక్, సీసం, కాడ్మియంల స్వభావం. పొగగొట్టంలో పెట్టే పరికరాలు ముతక బూడిదను బాగా ఆపుతాయి, మిగిలి బయటపడే సన్నని దాంట్లోనే ఇవి చిక్కగా ఉంటాయి. కాడ్మియానికి మన ప్రమాణాల్లో పరిమితే లేదు.

4. చిన్న బతుకుల మీద. ఎర్నావూరు రోడ్డు పక్కన ఇడ్లీ, బజ్జీ బండ్ల వాళ్లు, కాశిమేడు దగ్గర చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు, మా ఇళ్లలో వేసవికి మేడ మీద వడియాలు పెట్టుకునే అమ్మలు. వడియాల మీద కప్పిన పల్చటి తెల్ల చీర సాయంత్రానికి దులిపితే నల్లటి పొడి రాలుతుంది. కడిగితే సగం పోతుంది, సగం నేతలో ఉండిపోతుంది. ఆ పొడి ఏమిటని అడిగితే చెప్పే దిక్కు లేదు.

5. ఆస్పత్రికి వెళితే డాక్టరు ఉబ్బసం అని ఇన్హేలర్ రాస్తాడు. ఎక్కడ ఉంటున్నారు, అక్కడి గాలిలో ఏముందని అడగడానికి ఆయన దగ్గర సమాచారం ఉండాలి కదా. నష్టపరిహారం కోసం కోర్టుకెక్కినా అంతే, రుజువు తెమ్మంటారు. రుజువు ఫిల్టర్ మీద ఉంది, ఆ ఫిల్టర్ మీ దగ్గర ఉంది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. తిరువొత్తియూరు, ఎర్నావూరు, మనలి, ఎన్నూరు, తండయార్‌పేట, మీంజూరు, ఈ ఆరు చోట్ల పీఎం 10తో పాటు పీఎం 2.5 ఫిల్టర్లలోనూ లోహాలు కొలవాలి. ఏడాదిలో 104 రోజులకు తగ్గకూడదు. కొలిచేది వారంలో ఎప్పుడూ అవే రోజులు కాకుండా మారుతూ ఉండాలి, లేకపోతే ఆదివారం రాత్రి వదిలే పొగ ఎప్పటికీ దొరకదు. భోగి, దీపావళి రోజులను అదనంగా తీసుకోండి, మామూలు రోజుల బదులు తీసుకోకండి.

2. సీసం, ఆర్సెనిక్, నికెల్‌తో ఆపొద్దు. కాడ్మియం, వనేడియం, సెలీనియం, జింకు, రాగి, ఆంటిమొనీ, మాంగనీసు, అల్యూమినియం, సోడియం కూడా చూడండి. కరిగించిన ద్రావణం ఎలాగూ చేతిలో ఉంటుంది, అదే యంత్రంలో ఇవి కూడా ఒకేసారి వస్తాయి. టెఫ్లాన్ ఫిల్టర్ అయితే ముందు ఎక్స్ కిరణాలతో లోహాలు గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంలో పెడితే ఫిల్టర్ చెడిపోదు, తర్వాత ఆమ్లంలో కరిగించి సరిచూసుకోవచ్చు.

3. ప్రతి ఫలితం పక్కన ఈ వివరాలు రాసి తీరాలి: శాంప్లర్ మీటరు ప్రకారం నడిచిన గంటలు, మొదట్లోనూ చివర్లోనూ గాలి లాగిన వేగం, మొత్తం ఘనపు మీటర్లు, ఫిల్టర్ రకం, కరిగించిన ముక్క పరిమాణం, పద్ధతి, ఘనపు మీటరుకు ఎన్ని నానోగ్రాముల దాకా గుర్తించగలరో ఆ అంకె. ఆ అంకె పరిమితి కంటే ఎక్కువగా ఉంటే బీడీఎల్ అని రాయకండి. ఈ పద్ధతితో చెప్పలేం అని నిజాయితీగా రాయండి.

4. ప్రతి పెట్టె ఫిల్టర్ల నుంచి కొన్ని వాడనివి, అలాగే మేడ దాకా తీసుకెళ్లి గాలి లాగకుండా వెనక్కి తెచ్చినవి, రెండు రకాల ఖాళీ ఫిల్టర్లనూ కొలిచి ఆ అంకెలు బయటపెట్టాలి. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్లలో సొంత లోహాలు ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. లోహాలు ఎంతున్నాయో ముందే ధృవీకరించిన పట్టణ ధూళి నమూనా ప్రతి బ్యాచ్‌తో పాటు నడపాలి, అందులో ఎంత శాతం తిరిగి దొరికిందో చెప్పాలి.

5. ఫిల్టర్లు మార్చే కుర్రాళ్లకు పొడి లేని గ్లోవ్స్, ప్లాస్టిక్ పట్టుకార్లు, ఒక్కో ఫిల్టర్‌కు విడి పెట్టె, సరైన శిక్షణ, సమయానికి జీతం. ఈ లెక్కంతా వాళ్ల చేతుల మీదుగానే నడుస్తోంది. కాంట్రాక్టరు మీద నెట్టి చేతులు దులుపుకోవద్దు.

6. గోడల పక్కన, జనరేటర్ల పక్కన ఉన్న శాంప్లర్లను కేంద్ర మండలి మార్గదర్శకాలకు తగిన చోటుకు మార్చాలి. చోటు ఖరారు చేసేటప్పుడు ఆ వీధివాళ్లను పిలవండి. గాలి ఎటు నుంచి ఏ వేళ వాసన తెస్తుందో మావాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

7. రోడ్లు ఊడ్చే కార్మికులకు, వాళ్లు ఒప్పుకుంటే, కాలరు ఫిల్టర్లు కట్టి కొలవాలి. ఫలితం ముందు వాళ్ల చేతికే ఇవ్వాలి, ఆ ఫలితం చూపించి ఎవరినీ పనిలోంచి తీయకూడదు.

8. కరిగించగా మిగిలిన ఫిల్టర్ ముక్కలను పారేయకుండా శుభ్రమైన పెట్టెల్లో కనీసం ఐదేళ్లు దాచాలి. ఫలితం మీద తగాదా వస్తే ఇంకో ప్రయోగశాలలో పరీక్షించుకోవడానికి వీలుండాలి.

9. నెలనెలా ఫలితాలు కార్పొరేషన్ వార్డు ఆఫీసు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రేషన్ దుకాణం గోడల మీద తమిళంలో అంటించాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న వీధుల్లో తెలుగులో కూడా. మా ముసలివాళ్లలో చాలామంది తమిళం గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం అడగకముందే చెప్పాల్సిన సమాచారం ఇది, మేం దయ చూపమని అడగడం లేదు.

10. మాకిచ్చిన ఆ ఒక్క పేజీ ఫలితానికి సంబంధించిన అసలు రికార్డులు, అంటే శాంప్లర్ లాగ్ షీటు, యంత్రం ముద్రించిన కాగితం, ఖాళీ ఫిల్టర్ల అంకెలు, మాకు చూపించాలి. లేవంటే లేవని రాసివ్వండి. అప్పుడు ఆ ఫలితాన్ని రద్దు చేసి మళ్లీ కొలవండి.

ఖర్చు ఎక్కువవుతుందని అంటారని తెలుసు. శాంప్లర్లు ఇప్పటికే మేడల మీద ఉన్నాయి. యంత్రాలు ఈ నగరంలోని ప్రభుత్వ సంస్థల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నాయి. కొనాల్సింది గ్లోవ్స్, మంచి ఫిల్టర్లు, ఆమ్లం, ఆర్గాన్. కావలసింది ఒక ఒప్పందం, ఒక శిక్షణ కార్యక్రమం. ఎవరో ఒక ఫ్యాక్టరీని వేలెత్తి చూపడానికి మేం ఇది రాయలేదు. ఎవరిదెంతో ఫిల్టర్లే చెప్పాలి, అది మీరు సరిగ్గా పట్టుకోవాలి.

శాంప్లర్ల దగ్గర నిలబడి చూడటానికి, నమూనాలు తెచ్చేటప్పుడు తోడుగా రావడానికి మా వీధుల్లో చదువుకున్న పిల్లలు సిద్ధంగా ఉన్నారు. విశ్లేషణలో నాకు తెలిసినంత చెప్పడానికి, పైసా తీసుకోకుండా, నేనూ సిద్ధం. 10వ డిమాండులోని రికార్డులను నెలలోగా మాకు చూపించాలి. మొదటి తొమ్మిదింటిలో ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అదే గడువులో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
తిరువొత్తియూరు, ఎర్నావూరు, తండయార్‌పేట తెలుగు నివాసుల తరఫున,
ఒక విశ్రాంత రసాయన విశ్లేషకుడు,
చెన్నై